చాచా కన్ను పెట్టిన ఫ్లాష్

మొన్న యాప్రాల్‌లో ఒక పెళ్ళికి వెళ్ళాను. ఫొటోలు తీయడానికి కాదు, పిలిస్తే భోజనానికి. స్టేజీ మీద ఫొటోగ్రాఫర్ ఫ్లాష్‌ను నేరుగా పెళ్ళికూతురి ముఖానికి గురిపెట్టి టపటపా కొడుతున్నాడు. ఆ పిల్ల ముఖం సున్నం కొట్టిన గోడలా అవుతోంది, ముక్కుపుడక నీడ పెదవి మీద పడుతోంది. పావుగంట ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాలేదు. చెయ్యి కడుక్కుని స్టేజీ ఎక్కి, అతని ఫ్లాష్ తల పట్టుకుని పైకప్పు వైపు తిప్పేశాను.

"ఎవరు మేడం మీరు?" అన్నాడు చిరాగ్గా.

"ముందు ఒకటి కొట్టి చూడు, తర్వాత చెప్తా."

కొట్టాడు. కెమెరా వెనక తెర చూసుకున్నాడు. నా వైపు చూసి, గొంతు తగ్గించి, "ఎక్కడ నేర్చుకున్నరు మేడం?" అన్నాడు. శామీర్‌పేటలో, మోటార్ వైండింగ్ షాపులో అని చెప్పాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ షాపాయన పోయి అప్పటికి తొమ్మిది రోజులే అయింది.

ఆయన్ని అందరం చాచా అనేవాళ్ళం. రైతులూ చాచా అనేవాళ్ళే, ఆయనకంటే పెద్దవాళ్ళూ చాచా అనేవాళ్ళే. ద్రాక్షతోటలవాళ్ళ బోరు మోటార్లు కాలిపోతే రాగితీగ చుట్టి మళ్ళీ తిప్పడం ఆయన అసలు పని. ఆ రేకుల షెడ్డులో గుమ్మం నుంచి సగం దూరం దాకా మోటార్లే. మిగతా సగంలో, మూడు చెక్క అరల నిండా ఫ్లాష్‌లు. తల విరిగినవి, మూత లేనివి, తుప్పు పట్టినవి, కొత్తవాటిలా మెరిసేవి. వాటిలో ఒక్కటీ ఆయన అమ్ముకోవడానికి పెట్టుకున్నది కాదు. కెమెరా మాత్రం ఆయనకు లేదు. ఎప్పుడూ లేదు. ఫొటో తీయడం రాదు కూడా.

మోటారు తెచ్చి గంటసేపు కూర్చున్న రైతు ఒకాయన ఒళ్ళు మండి, "ఏంది చాచా, అక్కడ తోట ఎండుతాంది, నువ్వు గీ బుగ్గలు ఎలిగించుకుంట కూసున్నవ్" అంటే, చాచా ఫ్లాష్‌ను ఆయన చెవి దగ్గర పెట్టేవాడు. "ఇను. జర ఇను. ఎట్ల పాడుతుందో చూడు." లోపల కరెంటు నిండుతుంటే కుయ్ మని సన్నగా మొదలై పైకి పైకి పోయే ఆ శబ్దం విని రైతు కూడా ఒక్క నిమిషం తోట మర్చిపోయేవాడు. నేను కళ్ళారా చూశాను.

నేను ఆ షెడ్డుకు మొదటిసారి వెళ్ళింది రెండు వేల ఆరులో. మాది గౌడవెల్లి, అత్తగారిల్లు మేడ్చల్. మా అన్న స్టూడియోలో రీలు కెమెరాతో పని నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక మేడ్చల్‌లో నేనే చిన్న చిన్న ఫంక్షన్లు తీయడం మొదలుపెట్టాను. ఆ ఏడు చీటీ ఎత్తి డిజిటల్ కెమెరా కొన్నాను. మా వీధిలో అంతకు ముందెవరూ కొనలేదు. మా అత్తమ్మ ఆ డబ్బా వైపు చూసి, "ఇంత పెట్టి కొన్నవ్. మంచిది. గీ పెండ్లిల సీజన్ చూస్త. నాలుగు ఆర్డర్లల్ల ఒక్కటన్న మంచిగ రాలేదనుకో, గిది అమ్మేసి మందుల కంపెనీల ప్యాకింగ్ పనికి పోవాలె" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. అన్నమాట మీద నిలబడే మనిషి. అదే నా భయం.

మొదటి ఆర్డరులోనే తల కొట్టేసినట్టయింది. కెమెరా నెత్తిమీద ఉండే చిన్న ఫ్లాష్ వెలుగు మూడడుగులు దాటి పోదు. ముందు వరసలో వాళ్ళు తెల్లగా, వెనక వరసలో వాళ్ళు పళ్ళు తప్ప ఏమీ కనిపించకుండా వచ్చారు. ఆ వెనక వరసలో ఉన్నది పెళ్ళికొడుకు మేనమామ. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను. బయట పెట్టుకునే పెద్ద ఫ్లాష్ కావాలి. కంపెనీ ఫ్లాష్ ధర అడిగితే నా కెమెరా ధరలో సగం చెప్పారు. సికింద్రాబాద్ అంతా తిరిగాను, కోఠీ తిరిగాను, ఎక్కడా నాకందే ధరకు లేదు. అంతా రీలు నుంచి డిజిటల్‌కు మారుతున్న రోజులవి. చివరికి ఒక సీనియర్ ఫొటోగ్రాఫర్ తన రీలు కాలం నాటి ఫ్లాష్ తీసి, "ఇదిగో, తీస్కపో. చాయ్ పైసలియ్యి చాలు" అన్నాడు. ఎగిరి గంతేసినంత పనిచేశాను. "పెట్టే ముందు ఒక్కసారి శామీర్‌పేట చాచాకు చూపించు" అని ఆయనే అన్నాడు. ఆ మాట అనకపోయి ఉంటే నేను ఈపాటికి మాత్రల అట్టలు పెట్టెల్లో సర్దుతూ ఉండేదాన్ని.

మా ఆయన బండి మీద వెళ్ళాం. చాచా ఎడమ చెయ్యి నడుము వెనక పెట్టుకుని, కుడిచేత్తో ఒక్కటే పని చేస్తున్నాడు. పాపం, ఎడమ చెయ్యి పడిపోయిందేమో అనుకున్నాను. నా చేతిలో ఫ్లాష్ చూడగానే ముఖం వెలిగిపోయింది.

"గిదేడ దొరికింది బేటీ? సెల్లులు తీసినవా?"

"లేదు చాచా."

"అట్లయితె బయటికి నడువ్. సెల్లులు తీసి పది నిమిషాలు గా బండ మీద కూసో. దీనికి కోపం దిగినంక లోపలికి రా."

పది నిమిషాలు బండ మీద కూర్చున్నాం. ఆ షెడ్డులో అది చట్టం. ఎంత పెద్ద స్టూడియో ఓనరైనా కూర్చోవాల్సిందే. ఫ్లాష్ లోపల నిలవ ఉండే కరెంటు మనిషిని ఎత్తి పడేస్తుందనీ, రెండు చేతులతో ముట్టుకుంటే అది గుండెలోంచి పోతుందనీ, అందుకే ఆయన ఒక చెయ్యి వెనక పెట్టుకుంటాడనీ తర్వాత తెలిసింది. చాయ్ మాత్రం రెండు చేతులతో సాసర్ పట్టుకుని తాగాడు. అప్పుడు నేను నోరు వెళ్ళబెట్టి చూస్తుంటే, "ఏంది, కుంటి చెయ్యి అనుకున్నవా? అందరు గట్లనే అనుకుంటరు" అని నవ్వాడు.

తర్వాత తన సెల్లులు వేసి, ఎర్ర లైటు వెలిగేదాకా ఆగి, ఫ్లాష్ అడుగున కెమెరాకు తగిలే పిన్ను దగ్గర మీటరు పెట్టాడు. రెండు వందల ముప్పై చూపించింది.

"కెమెరాకు పెట్టినవా?"

"ఇంకా పెట్టలేదు చాచా."

"అల్లా దయ." మీటరు కింద పెట్టాడు. "పాత కెమెరాలల్ల ఇనుము ముక్కలుంటుండె. ఎంత కరెంటొచ్చినా ఓర్చుకుంటుండె. మీ డిజిటల్ది దూది ప్రాణం. ఐదారు ఓల్టుల కంటె ఎక్కువ కొడితె పాయె. ఇది పెట్టి ఒక్క ఫొటో తీసినవనుకో, ఇగ కెమెరా లేదు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సంచిలో ఉన్న కెమెరాను చంటిపిల్లలా దగ్గరికి తీసుకున్నాను. మా ఆయనైతే ఆ ఫ్లాష్‌ను పాముని చూసినట్టు చూశాడు.

"మీకెట్ల తెలిసింది చాచా?" అని అడిగాడు మా ఆయన.

చాచా రాగితీగ కండెను అటూ ఇటూ దొర్లించాడు. "నేనొక కెమెరాను సంపిన బేటా. బహదూర్‌పల్లి ఫొటోగ్రాఫర్ ఒకాయనది. మన దిక్కు అందరికంటె ముందు డిజిటల్ కొన్నడు. ఫ్లాష్ కరాబైతె బాగ చేసి, పెట్టి చూడు భాయ్ అని నేనే అన్న. పెట్టిండు. టక్ మన్నది, తెర నల్లగయింది. మల్ల ఎలగలే. ఆయన ఫొటోలు బంద్ చేసి ఇప్పుడు ఆటో నడుపుతుండు. నన్ను ఒక్క మాట అనలే. తిడితె బాగుండు."

ఆ తర్వాతే మీటరు కొన్నాడట. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఏ స్టూడియోలో పాత ఫ్లాష్ ఉందన్నా తానే వెళ్ళి కొలిచి, అడుగున ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద అంకె రాసి వచ్చేవాడు. ఆరు లోపు ఉంటే నీలం సిరా, పైన ఉంటే ఎరుపు. ఒక్క పైసా అడగలేదు. ఆ చుట్టుపక్కల మళ్ళీ ఎవరి కెమెరా పోలేదంటే ఆ ప్లాస్టర్ ముక్కల పుణ్యమే.

నేను మాత్రం ఏడుపు ముఖం పెట్టాను. దొరక్క దొరక్క దొరికిన ఫ్లాష్ అది. చాచా నన్ను చూసి, "ఎందుకు పరేషానైతవ్? దీనికి కన్ను పెడత. నీ కెమెరాను ముట్టుకోదు. దూరంకెల్లి చూసి అదే కొడుతది" అన్నాడు.

అగ్గిపెట్టెలో సగం ఉండే ప్లాస్టిక్ డబ్బీ, అందులో చిన్న గాజు బుడిపె. దాన్ని ఫ్లాష్ అడుగున బిగించి, టేబుల్ ఫ్యాన్ విరిగిపోతే మిగిలిన ఇనుప స్టాండు మీద నిలబెట్టాడు. నన్ను దగ్గరికి పిలిచి, "నీ కెమెరాతోని ఉత్తగ ఒక ఫొటో గొట్టు" అన్నాడు. కొట్టాను. నా కెమెరా నెత్తిమీద చిన్న ఫ్లాష్ మిణుక్కుమనగానే, ఆరడుగుల దూరంలో, ఏ తీగా లేకుండా, ఆ పెద్దది ఫట్ మని కొట్టింది. షెడ్డు మూలల దాకా వెలుగే. తెరలో చూస్తే వెనకున్న ప్రతి మోటారు మీద తుప్పు కూడా కనిపిస్తోంది. నేను మళ్ళీ కొట్టాను. మళ్ళీ వెలిగింది. ఓ ఇరవై సార్లు కొట్టి ఉంటాను. మా ఆయన నవ్వుతున్నాడు, మోటారు కోసం వచ్చిన రైతు నవ్వుతున్నాడు, చాచా అందరికంటే ఎక్కువ నవ్వుతున్నాడు. నాకు అంత సంతోషం కెమెరా కొన్న రోజు కూడా కలగలేదు.

"ఒక్కటి యాదుంచుకో" అన్నాడు చాచా. "డయల్ ఎమ్ మీద పెట్టి, చిన్న ఫ్లాష్‌ను నేను చెప్పినట్టు సెట్ చేసుకో. డయల్ మీద గా ఆటో గుర్తు, ఆకుపచ్చ డబ్బా, దాని జోలికి పోకు."

సరే అన్నాను. ఎందుకని అడగలేదు. అడిగి ఉండాల్సింది.

నెల తిరగకుండానే చాచా మనిషిని పంపించి నన్ను పిలిపించాడు. శామీర్‌పేట దగ్గరే ఒక ఊళ్ళో వాళ్ళ దూరపు చుట్టాల పిల్ల పెళ్ళి. పిల్ల నానమ్మ ఆడ ఫొటోగ్రాఫర్ అయితేనే జనానాలోకి రానిస్తానంది, లేకపోతే ఆడవాళ్ళ వైపు ఫొటోలే వద్దంది. "నేను నీ పేరు చెప్పిన" అన్నాడు చాచా. ఆ సీజన్లో నాకు అదే చివరి ఆర్డరు. అప్పటిదాకా చేసిన మూడింట్లో ఒకటి చెడింది, రెండు అంతంతమాత్రం. ఇది బాగా వస్తే కెమెరా నాది, లేకపోతే కంపెనీ బస్సెక్కాలి. అత్తమ్మ ఆ పొద్దున గుమ్మంలో నిలబడి చూసింది, అంతే.

ఫ్యాన్ స్టాండు ఒళ్ళో పెట్టుకుని బండి మీద వెళ్ళి దిగాను. పొడుగాటి వసారా, మధ్యలో అడ్డంగా కట్టిన తెల్లటి దుప్పట్లు. అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. పైన నల్లబడ్డ రేకులు. పట్టపగలే అయినా ఇటువైపు మసక చీకటి. అటువైపు నుంచి చాచా గొంతు వినిపిస్తోంది, ఎవరితోనో బిర్యానీ గురించి వాదిస్తున్నాడు. ఆ గొంతు వింటే ధైర్యం వచ్చింది.

కానీ అంతమంది చుట్టూ మూగేసరికి చాచా చెప్పిన మాట గుర్తు రాలేదు. అన్నీ అదే చూసుకుంటుందని డయల్‌ను ఆకుపచ్చ డబ్బా మీదకి తిప్పాను. కొట్టాను. ఫ్లాష్ ఫట్ మంది, ఆడవాళ్ళంతా కళ్ళు మూసి తెరిచారు. తెరలో చూస్తే మసక. మళ్ళీ కొట్టాను. గదంతా వెలిగింది, నా ఫొటో మాత్రం చీకటి. పది కొట్టాను. పదీ అంతే. సెల్లులు మార్చాను, కన్ను తుడిచాను. ఇంత వెలుగు కళ్ళముందే కొడుతుంటే అది ఫొటోలోకి ఎందుకు రావడం లేదో నాకు అర్థం కాలేదు. అవతల నికా అయిపోయింది, ముబారక్‌లు వినిపిస్తున్నాయి. ఇంకాసేపట్లో పెళ్ళికొడుకు లోపలికొస్తాడు. పెళ్ళికూతురికీ అతనికీ మధ్య అద్దం పెడతారు, అందులో ఒకరి ముఖం ఒకరు మొదటిసారి చూసుకుంటారు. జల్వా అంటారు. రెండోసారి చేయమనడానికి లేదు.

అప్పుడు దుప్పటి అవతల, సరిగ్గా నా ఎదురుగా, చాచా గొంతు.

"బేటీ, ఫొటోలు నల్లగ వస్తున్నయా?"

నాకు ఏడుపొచ్చింది. "అవును చాచా. మీకెట్ల తెలిసింది?"

"పర్దా మీద చూస్తున్న. రెండుసార్లు మెరుస్తుంది. పెద్దది ముందు, చిన్నది ఎనుక. పెద్దది తొందరపడుతుంది. డయల్ దేని మీదున్నది?"

"ఆకుపచ్చ డబ్బా."

"ఎవరు తిప్పిన్రు?"

"నేనే చాచా."

తిట్టలేదు. "గా డబ్బా మీద నీ చిన్న ఫ్లాష్ ఫొటోకంటె ముందు ఒకసారి ఉత్తుత్తిగ మెరిసి చూసుకుంటది. కన్ను దాన్ని చూసి మోసపోతాంది. ఎమ్ మీదికి తే. నేను చెప్పినట్టు పెట్టు."

పెట్టాను. కొట్టాను. వెనక వరసలో గోడకానుకుని కూర్చున్న ముసలావిడ ముఖంలో ముడతలు కూడా వచ్చాయి. "వచ్చింది చాచా" అని అరిచాను. నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు ఏం వచ్చిందో తెలియకపోయినా వాళ్ళూ నవ్వారు.

పెళ్ళికొడుకు వచ్చాడు. పెళ్ళికూతురి ముందు అద్దం పెట్టారు. ఎందుకైనా మంచిదని ముందే ఒకటి కొట్టి చూశాను. అద్దం నిండా తెల్లటి మంట. ముఖాలు లేవు. పైకి కొడదామంటే రేకులు నల్లగా ఉన్నాయి, వెలుగును మింగేస్తాయి.

"చాచా, అద్దం" అన్నాను.

ఆయనకు అంతే చాలు. అవతల గబగబా మాటలు. "అరె భాయ్, జల్దీ లేవుండ్రి. నువ్వు గా మూల పట్టు. నువ్వు గీ మూల. గుంజుండ్రి, ముడత రావొద్దు." నా కళ్ళముందే ఆ దుప్పటి ఒక్కసారిగా బిగుసుకుని గోడలా నిలబడింది. అంచుల మీద మగవాళ్ళ వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. "ఇగ పెద్దదాన్ని పర్దా దిక్కు తిప్పు. మొఖాల మీదికి వద్దు. చిన్నదానికి నీ కొంగు అడ్డం పెట్టు, కన్నుకు జర కనపడితె చాలు. లైట్ పర్దాకు సలాం కొట్టి వాళ్ళ దగ్గరికి వస్తది."

తిప్పాను. కొంగు చివర రెండు మడతలు చేసి చిన్న ఫ్లాష్ మీద వేలితో నొక్కి పట్టాను. ఎర్రటి ఓణీ కింద రెండు తలలు వంగాయి. పిల్ల కళ్ళెత్తింది. కొట్టాను.

తెర చూసుకోవడానికి భయమేసింది. పక్కనున్న నానమ్మే నా భుజం మీంచి తొంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఉర్దూలో ఏదో అని నా తల మీద చెయ్యి పెట్టింది. నాకు భాష అంతా తెలియదు గానీ, ఆ చెయ్యి ఏం చెప్పిందో తెలిసింది. అన్నం తినేలోపు మూడిళ్ళ ఆడవాళ్ళు నా నంబరు అడిగారు.

ఆల్బమ్ తయారయ్యాక మొదట పెళ్ళివాళ్ళింటికి కాదు, షెడ్డుకే పట్టుకెళ్ళాను. ఆయనకు చూపించాలని దారి పొడుగునా నా ప్రాణం కొట్టుకుంది. చాచా ఆల్బమ్ వైపు చూడకుండా ముందు ఒకటే అడిగాడు.

"కెమెరా ఉన్నదా, పోయిందా?"

"ఉన్నది చాచా. మా అత్తమ్మ పాత బొంత కత్తిరించి దానికి సంచి కుట్టింది. వచ్చే ఆర్డర్ ఎన్నడని ఆమెనే అడుగుతుంది."

కళ్ళు మూసుకుని తలూపాడు. నేను మొదటి పేజీ తిప్పబోయాను. ఆయన కుడిచేత్తో ఆల్బమ్ మూసేశాడు.

"జనానా ఫొటోలు నేను చూడొద్దు బేటీ."

"అదేంది చాచా? లైట్ పెట్టింది మీరు. పిల్లను చిన్నప్పుడు ఎత్తుకున్న అన్నరు."

"పిల్ల ఒక్కతే ఉంటె చూసెటోన్ని. ఇంక ఎందరో ఆడోళ్ళున్నరు గద. నువ్వొక్కదానివే చూస్తవని నమ్మి నీ ముంగట కూసున్నరు. నేను చూస్తె అది తప్పయితది."

ఇంత చేసిన మనిషి ఒక్క ఫొటో కూడా చూడకపోవడమేమిటని కోపం వచ్చింది. అప్పుడాయన స్టూలు దగ్గరికి లాక్కుని, ఆల్బమ్‌కు వీపు పెట్టి కూర్చున్నాడు.

"నువ్వు చూసి చెప్పు. లైట్ ఎట్ల పడ్డదో చెప్పు."

చెప్పాను. ఎవరి పేరూ, ఎవరి రూపూ చెప్పకుండా, వెలుగు ఒక్కటే చెప్పాను. ఈ పేజీలో వెనక వరస దాకా వచ్చింది చాచా. ఇందులో ఎడమ పక్క కొంచెం తక్కువైంది. ఇందులో చేతుల మీద మెహందీ గీత గీతా తెలుస్తోంది. ఆయన ప్రతిదానికీ "ఆఁ" అంటున్నాడు. తర్వాత పదకొండేళ్ళలో ఆయన నన్ను ఎన్ని పెళ్ళిళ్ళకు పంపించాడో, అన్ని ఆల్బమ్‌లూ అట్లాగే చెప్పాను. ఒక్కటీ తిరిగి చూడలేదు.

ఆ రోజు చివరికి అద్దం పేజీ వచ్చింది.

"అద్దంల మంట లేదు చాచా. రెండు మొఖాలు చల్లగ, వెన్నెల్ల ఉన్నట్టు ఉన్నయి. ముక్కుపుడక నీడ ఎక్కడా పడలే. పిల్ల కండ్లల్ల తెల్లగ ఒక చిన్న చుక్క ఉన్నది, అది మీరు పట్టుకున్న పర్దా."

చాచా వీపు అటే పెట్టుకుని, నెమ్మదిగా అన్నాడు.

"గా పేజీ ఇంకొకసారి చెప్పు బేటీ."